పోశం పదోరోజు

సినిమాల్లో మృణాళిని పదిహేడుసార్లు విధవ అయింది. ఆ లెక్క ఆమెది కాదు, ఆమెకు రంగు పూసే ముసలాయనది. శవాన్ని దించడం, ఆమె పరుగెత్తుకుంటూ రావడం, గాజులు గోడకేసి కొట్టుకోవడం, అరచేత్తో బొట్టు తుడిచేసుకోవడం, అంతా ఒక్క షాట్లో అయిపోవాలి. చెయ్యి ఎడమ నుంచి కుడికి పోతే ముఖం కెమెరాకు కనబడకుండా అడ్డం పడుతుందని, కుడి నుంచి ఎడమకు తుడవడం అలవాటు చేసుకుంది. ఆ ఒక్క తుడుపుకు ఊరూరా హాళ్ళలో ఆడవాళ్ళు కొంగులు తడుపుకునేవాళ్ళు. అంతటి మనిషి ఆదిలాబాదు జిల్లా నల్లవాగు బొగ్గుబాయికి వచ్చిన మొదటి పూటే బొట్టు దగ్గర తప్పులో కాలేసింది.

అది పంతొమ్మిది వందల అరవై రెండు, ఎండలు ముదురుతున్న రోజులు. వారం కింద బాయిలో కప్పు కూలి నలుగురు పోయారు. మృణాళిని వచ్చింది అసలు అందుకు కాదు. నల్లవాగులో కాన్పు కష్టమైతే మంచిర్యాల దాకా ఎడ్లబండిలో పోవాలి. దారిలోనే ప్రాణాలొదిలిన ఆడవాళ్ళ సంగతి ఎవరో ఉత్తరం రాస్తే, ఇక్కడో కాన్పుల వార్డు కట్టించాలని రెండేళ్ళుగా కాళ్ళకు బలపం కట్టుకుని తిరుగుతోంది. బాయికి కూలీలను పెట్టే గుత్తేదారు రామచంద్రం చివరికి జాగా ఇస్తానన్నాడు, ఇటుకలూ తోలించాడు. శంకుస్థాపనకు రోజు కుదిరాక బాయి కూలింది. "అదే వేదిక మీద ఆ నలుగురి పెండ్లాలకు మీ చేతులతోని చీరెలు ఇప్పిద్దామమ్మా, పుణ్యం" అన్నాడాయన. ఆమెకు మనసొప్పలేదు. కానీ ఇటుకలు ఆయనవి.

బాయి కూలిన ఎనిమిదో రోజు పొద్దున, గెస్టుహౌసులో వంటచేసే దేవవ్వను తోడు తీసుకుని, కూలీలుండే లైన్లకు పరామర్శకు బయల్దేరింది. రెండు వరుసల పెంకుటిళ్ళు, మధ్యన బొగ్గుపొడి పరుచుకున్న సందు. మొదటి గడప మీద ఒక మనిషి కూర్చుని ఉంది. ముప్పయ్యేళ్ళుంటాయి. మొహానికి దట్టంగా పసుపు, రూపాయి బిళ్ళంత బొట్టు, మోచేతుల దాకా గాజులు. ఒళ్ళో చీపురు పెట్టుకుని ఎటో చూస్తోంది. చావు జరిగిన ఇళ్ళకు పోయేముందు ఒక నిండు ముత్తైదువ ఎదురవడం మృణాళిని ప్రాణానికి హాయనిపించింది. నవ్వింది.

"మీ ఆయన డ్యూటీకి వెళ్ళాడా అమ్మా?"

ఆ మనిషి తలెత్తి చూసింది. సందులో నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు బిందెలు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే నిలబడిపోయారు. దేవవ్వ మృణాళిని మోచెయ్యి పట్టుకుని ముందుకు లాక్కుపోయింది.

తరవాతి మూడిళ్ళలో చావు ఉంది. మూడిళ్ళలోనూ విధవలు మొహాన పసుపు, పెద్దబొట్టు, చేతుల నిండా గాజులతోనే కూర్చుని ఉన్నారు. మృణాళిని వాళ్ళను చూసి దేవవ్వను చూసింది.

"పదో రోజు దాంక గంతేనమ్మా. పదో రోజు వాగు కాడ తీస్తరు. పీనుగ ముంగట తుడుసుకునుడు మీ సినిమాలల్లనే" అంది దేవవ్వ.

మృణాళిని పుట్టిన కళావంతుల ఇంట్లో తరతరాలుగా ఆడవాళ్ళకు పెళ్ళిళ్ళు లేవు, కాబట్టి వైధవ్యాలూ లేవు. వాటి సంగతులు ఆమెకు నేర్పింది దర్శకులే.

రామచంద్రం ఇచ్చిన జాబితాలో నాలుగో పేరు లింగమూర్తిది. ఆ ఇల్లెక్కడని అడిగితే, ఆయన పెండ్లాం ఊరికి పోయింది, ఎల్లుండి సభ వేళకు వస్తుందన్నారు. మొగుడు పోయి పది రోజులు కాకముందే గడప దాటి ఊరికి పోయిందా? మృణాళిని వెనక్కి తిరిగి మొదటి గడప వైపు చూసింది. పసుపు మొహం మనిషి ఇంకా అక్కడే ఉంది. ఆమె చుట్టూ ఏడ్చేవాళ్ళు ఒక్కరూ లేరు.

గెస్టుహౌసుకు వచ్చాక దేవవ్వ జొన్నపిండి తడిపి రొట్టెలు కొడుతుంటే, మృణాళిని వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. కదలలేదు. మూడు రొట్టెలయ్యేదాకా దేవవ్వ ఓర్చుకుంది. నాలుగో రొట్టె చేతిలో ఆగిపోయింది.

"గామె సారక్క. ఆమె మొగడు పోశం. కప్పు కింద పోయిన నాలుగో మనిషి ఆయననే."

"మరి లింగమూర్తి?"

"లింగమూర్తి బతికే ఉండు. రెండేండ్ల కిందట మీద రాయి పడబోతె బయపడి బాయి ఇడిసిపెట్టి పోయిండు. జమ్మికుంట యార్డుల పత్తి మూటలు మోస్తుండు. ఆయన బిళ్ళను గుత్తేదారు పోశానికిచ్చిండు." బాయిలో దిగేముందు ప్రతి కూలీ కిటికీ దగ్గర చూపించి హాజరు వేయించుకునే ఇత్తడి బిళ్ళ సంగతి అది. "అప్పటిసంది పోశం బాయిల లింగమూర్తి, ఇంట్ల పోశం. పైకి తెచ్చినప్పుడు మొఖం లేదమ్మా, మెడల బిళ్ళనే ఉంది. బిళ్ళ మీదున్న పేరే రాసుకున్నరు."

"సారక్క ఊరుకుందా?"

"ఊకోక ఏం జేస్తది? పోశం యాడికో పారిపోయిండని చెప్పు, అర్ర నీకుంటది, ఊడ్శే పని నీకుంటది అన్నడు గుత్తేదారు. వాగు దిక్కు పోయినవో, గా పొద్దే అర్ర ఖాళీ చెయ్యమన్నడు." దేవవ్వ రొట్టెను పెనం మీద వేసి, వేళ్ళతో తడి అద్దింది. "పదో రోజు పొద్దు గూకేలోపల తియ్యాలె. గది దాటితే మల్లెప్పుడు తియ్యరు. సచ్చినోనికి దారి దొరకదంటరు. బతికినామె ముత్తైదు గాదు, విధవ గాదు. రోజు పొద్దుగాల సచ్చినోని పేరు మీద బొట్టు పెట్టుకోవాలె."

పదో రోజంటే ఎల్లుండే. మృణాళిని రొట్టె తుంచింది గానీ నోట పెట్టలేకపోయింది.

*

రామచంద్రం మర్నాడు పొద్దున్నే వచ్చాడు. కోపం మనిషి కాడు. అదే కష్టం. చాయ్ సాసరులో పోసుకుని, ఊదుకుంటూ, ఆమె చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. కాదనలేదు కూడా.

"నిజమేనమ్మా. పోశం మంచోడు. నాకు బాధ లేదా? కని ఒక్క మాట ఇనుండ్రి. గీ లైన్లల్ల పోశం అసుంటోళ్ళు నలబై మంది ఉన్నరు. ఒకని బిళ్ళ మీద ఇంకొకడు. రేపు మేనేజరు దొర వేదిక మీద ఉంటడు. ఆయన చెవిల పోశం పేరు పడ్డదనుకో, పొద్దు గూకేవరకు నలబై బిళ్ళలు గుంజుకుంటరు. నలబై పొయ్యిలు ఆర్తయి." సాసరు కింద పెట్టాడు. "నాకూ కంపెనీకి మాట తేడా వస్తది. వార్డు మాట గూడ నేను మాట్లాడలేను."

బెదిరింపు అంత మెత్తగా ఉంటుందని మృణాళిని అనుకోలేదు. ఆమె సినిమాల్లో దుర్మార్గులు కనీసం మీసం దువ్వుతారు.

వార్డు ఒక్కటే అయితే తెగించేదేమో. మధ్యాహ్నం షిఫ్టు దిగాక ఒక కూలీ గెస్టుహౌసు మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. స్నానం చేసినా కనురెప్పల అంచున బొగ్గు పోలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, మెట్టు మీద గొంతుక్కూర్చున్నాడు.

"నా పేరు వెంకటి. బాయిల వేరే పేరు" అన్నాడు. కాసేపు చేతులు చూసుకున్నాడు. "నువ్వు సారక్క ముచ్చట అడుగుతున్నవని లైన్లల్ల తెలిసిందమ్మా. పోశం నా జోడీ. ఆయన తట్ట నింపితే నేను మోస్తుంటి. కప్పు పటపటమన్నప్పుడు నన్ను అవుతలికి నూకింది ఆయననే."

"మరి నువ్వే చెప్పవచ్చుగా, చచ్చిపోయింది పోశం అని!"

"గదే చెప్పద్దని అడగనీకె వచ్చిన." "నాకు ముగ్గురు పిల్లలు. మా అవ్వ, బాపు నా మీదనే ఉన్నరు. నలబై మంది గూడి నన్ను తోలిన్రు. సచ్చినోడు ఎట్లనన్న సచ్చిండు, నీ కాళ్ళు మొక్కుత, రేపటి పూట గడవనియ్యమ్మా."

అన్నంత పనీ చేశాడు. ఆమె కాళ్ళ మీద పడబోతే చప్పున వెనక్కి జరిగింది. సిగ్గుతో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అతను పోయాక చాలాసేపు ఆ మెట్టు మీదే కూర్చుండిపోయింది. తుఫానులో ఇళ్ళు పోయినవాళ్ళకు కప్పులేయించడం, అనాథలకు అన్నం పెట్టించడం ఆమెకు తెలుసు. అక్కడ ఇవ్వాల్సిందేదో కళ్ళకు కనబడుతుంది. ఇక్కడ ఒకరికి ఇవ్వాలంటే నలభై మంది నోటి దగ్గర్నుంచి తీయాలి. ఏం చెయ్యాలో ఆమెకు నిజంగా తెలియలేదు.

*

పదో రోజు తెల్లవారుతూనే డప్పులు మోగాయి. ముగ్గురు విధవలను మధ్యన పెట్టుకుని లైన్ల ఆడవాళ్ళంతా వాగుకు నడిచారు. సారక్క గడప ముందు నుంచే పోయారు, దారి అదొక్కటే మరి. సారక్క లేచి నిలబడింది. రెండడుగులు వేసింది. గుత్తేదారు మనిషి ఒకడు సందు చివర బీడీ కాలుస్తూ నిలబడి ఉన్నాడు. సారక్క వంగి, ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చింది. గెస్టుహౌసు కిటికీలోంచి ఇదంతా చూస్తున్న మృణాళినికి అంత దూరాన ఆ గాజుల చప్పుడు వినబడే అవకాశమే లేదు. అయినా వినబడ్డట్టే ఉంది.

సభ సాయంత్రం నాలుగింటికి. మూడింటికే ఆమెను వేదిక వెనకాల డేరాలో కూర్చోబెట్టారు. కాసేపటికి రామచంద్రం జీపు ఆగింది. పాతికేళ్ళ మనిషిని లోపలికి పంపి, "లింగమూర్తి భార్యమ్మా, చంద్రవ్వ" అని చెప్పి ఆయన బయటికి పోయాడు.

నుదురు బోడిగా ఉంది. చేతులు బోడిగా ఉన్నాయి. మృణాళిని ఆమెను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టింది. ముప్పయ్యేళ్ళుగా అద్దం ముందు బతికిన కళ్ళు ఆమెవి. కొబ్బరినూనెతో హడావిడిగా తుడిచిన జాడ, కనుబొమల వెంట్రుకల్లో ఇరుక్కున్న కుంకుమ, పగలగొట్టకుండా సబ్బునురగ పూసి లాగిన గాజులకు ఎర్రగా ఒరుసుకుపోయిన మణికట్లు, అన్నీ కనిపించాయి. చంద్రవ్వ కొంగు చివర ముడిని పిడికిట్లో పట్టుకుని ఉంది.

"అందులో ఏముందమ్మా?"

"పుస్తెలు, మట్టెలు." గుసగుసలాడింది. "నా మొగనికి పొద్దుగాల బువ్వ పెట్టి వచ్చిన. ఆయనకు తెల్వది నేను గీడికి వచ్చిన సంగతి. బిళ్ళ అమ్ముకున్నడని జేల్ల ఏపిస్త అన్నడు గుత్తేదారు. దారిల చెర్వు కాడ జీపు ఆపి, నూనె, సబ్బు, దస్తీ ఇచ్చి బొట్టు తుడుసుకొని గాజులు తియ్యిమన్నడు." ఉన్నట్టుండి మృణాళిని చెయ్యి పట్టుకుంది. "బతికున్న మొగనికి కీడు గాదా అమ్మా? నువ్వు శాన సినిమాలల్ల తుడుసుకున్నవు గద, ఏమన్న అయితదా?"

పదిహేడుసార్లు మృణాళిని తుడుచుకుంది. తుడుచుకున్న ప్రతిసారీ కెమెరా పక్కన ఎవరో టవలు పట్టుకుని, మళ్ళీ బొట్టు పెట్టడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారు.

సభ మొదలైంది. ముందు వరుసలో ఆఫీసు వాళ్ళు, వెనకాల కూలీలు, ఒక పక్కగా ఆడవాళ్ళు. అందరికంటే వెనక, ఇటుకల కుప్ప దగ్గర, చీపురుతో సారక్క. సభయ్యాక మైదానం ఊడ్వడం ఆమె పని. మేనేజరు దొర ఉత్తరదేశం మనిషి, తెలుగు అంతంత మాత్రం. కొబ్బరికాయ కొట్టారు. రాయికి పసుపు కుంకుమలు పెట్టి, కుంకుమ పళ్ళెం అక్కడే బల్ల మీద ఉంచారు. తరవాత చీరెలు. మొదటి ముగ్గురూ వచ్చారు, తీసుకున్నారు, దిగారు. "లింగమూర్తి భార్య చంద్రవ్వ" అని మైకులో పిలిచారు.

చంద్రవ్వ మెట్లెక్కింది. జనంలో వెంకటి తల దించుకున్నాడు. అతని వెంట మిగతా ముప్పై తొమ్మిది తలలూ దిగాయి.

మృణాళిని చీర బల్ల మీద పెట్టేసింది. పళ్ళెంలో వేలు ముంచి, చంద్రవ్వ నుదుటి మీద కుంకుమ పెట్టింది. చిన్న చుక్క కాదు, నిండుగా, గుండ్రంగా.

ముందు వరుస చప్పట్లకు చెవులు చిల్లులు పడ్డాయి. ఫొటోలు తీసేవాళ్ళు ఎగబడ్డారు. రామచంద్రం ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. ఒక్క క్షణమే. మైకు అందుకున్నాడు. "చూసిన్రా! విధవకు బొట్టు పెట్టిన మహాతల్లి! సంఘ సంస్కరణంటే గిదీ!" అన్నాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. మేనేజరు దొర లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు.

తను చేసిన పనిని రామచంద్రం ఎంత తేలిగ్గా మింగేశాడు, అనుకుంది మృణాళిని. పొద్దు తాటిచెట్ల మీదికి దిగుతోంది. ఇంకో గంటన్నర ఉంటుంది, అంతే. రేపటి పేపర్లలో తన ఫొటో వస్తుంది, సారక్క మాత్రం రేపు పొద్దున లేచి బొట్టు పెట్టుకుంటుంది.

"నేను విధవను గాను" అంది చంద్రవ్వ. మైకుకు అందేంత గట్టిగా కాదు. రామచంద్రం పళ్ళు బిగించి "దిగు, దిగు" అన్నాడు. ఆమె దిగింది. కానీ జీపు వైపు పోలేదు. రెండేళ్ళ కిందటి దాకా ఈ లైన్లలోనే ఉన్న మనిషి, సారక్కను ఎరుగును. జనాన్ని రెండు చేతులతో తోసుకుంటూ నేరుగా ఇటుకల కుప్ప దగ్గరికి పోయింది. సారక్క చేతిలో చీపురు లాగి పారేసింది. మెడ చుట్టూ చేతులేసి శోకం ఎత్తుకుంది.

"నా పెనిమిటి పేరు మోసి నీ పెనిమిటి పాయెనే అక్కా! నాకు రావాల్సిన సావు నీ ఇంటికి వచ్చెనే!"

అట్లా మెడ కరుచుకుని ఏడ్చిన మనిషికి ఎదుటి మనిషి బదులుగా ఏడవక తప్పదు. అది అక్కడి పద్ధతి, ఏ గుత్తేదారు చేతిలోనూ లేనిది. పది రోజులుగా సారక్క నోట్లో కుక్కుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. మాటలు లేవు, కేక. ఆడవాళ్ళ గుంపులో ముందు ఒక ముసలామె లేచింది. తరవాత ముగ్గురు. తరవాత ఎవరూ మిగలలేదు.

"అమ్మా, రెండు డైలాగులు చెప్పండి, జనం ఇటు తిరుగుతరు" అన్నాడు రామచంద్రం, మైకు ఆమె ముఖానికి ఆనించి. మృణాళిని మైకును పక్కకు నెట్టింది.

"ఏమైంది? ఆమె ఏమంటోంది?" మేనేజరు దొర మృణాళినినే అడిగాడు.

చెప్పడం ఎంతసేపు! కానీ ఆ నలభై పొయ్యిలు ఆమెవి కావు. "అది నేను చెప్పకూడదండీ. వాళ్ళనే అడగండి" అంది.

కూలీల్లోంచి వెంకటి నడిచి వచ్చాడు. వేదిక కింద నిలబడి మెడలో బిళ్ళ తీసి చేత పట్టుకున్నాడు.

"దొరా, లింగమూర్తి బతికే ఉండు. సచ్చింది పోశం. లింగమూర్తి బిళ్ళ మీద దిగిండు." బిళ్ళను పైకెత్తి చూపించాడు. "గీ బిళ్ళ మీద గూడ నా పేరు లేదు. నా పేరు వెంకటి."

గుమాస్తా ఆ మాటలు దొరకు తర్జుమా చేసి చెప్పాడు. దొర వెంకటిని చూసి, "రేపు ఆఫీసుకు రా" అన్నాడు. అది పని ఇవ్వడానికో తీయడానికో ఎవరికీ అర్థం కాలేదు. వెనకాల ముప్పై తొమ్మిది మందిలో ఒక్కడూ ఇంకా కదల్లేదు.

"వార్డు సంగతి మరిచిపోండి" అన్నాడు రామచంద్రం, ఈసారి మెత్తగా కాదు.

మృణాళిని మెట్లు దిగుతూ విన్నది. ఆ మాట నిజంగానే నొప్పించింది. రెండేళ్ళ తిరుగుడు కళ్ళ ముందు ఇటుకల కుప్పగా ఉంది. దాని పక్క నుంచే ఆడవాళ్ళు సారక్కను చెరో రెక్క పట్టుకుని వాగుకు నడిపించుకుపోతున్నారు. డప్పులు లేవు. పిలవడానికి వేళ లేదు. దేవవ్వ చెప్పులు చేత పట్టుకుని పరుగెడుతోంది. మృణాళిని వాళ్ళ వెంట నడిచింది.

వాగులో నీళ్ళు మోకాటి దాకా కూడా లేవు. సారక్కను నీళ్ళలో కూర్చోబెట్టారు. ఒక ముసలామె చదునైన రాయి వెతికి తెచ్చింది. మొదటి గాజు పగిలింది. చంద్రవ్వ సారక్క వీపును తన గుండెకు ఆనించుకుని కూర్చుంది. సారక్కకు ఇప్పుడు మాటలు వస్తున్నాయి. ఆయన రెండు రొట్టెలు కట్టుకుని పోయిన తీరు, గడపలో ఆగి బీడీ ముట్టించుకున్న తీరు, పోయొస్త అన్న మాట, ఒకటొకటే రాగం తీసి ఏడుస్తోంది.

మృణాళినికి కన్నీళ్ళు వచ్చాయి. గ్లిజరిన్ లేకుండా, ఎవరూ రమ్మనకుండా వచ్చాయి. ఎన్నాళ్ళకు! ఆపుకోవాలని కూడా అనిపించలేదు. నీళ్ళ అంచున నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

రాయి చప్పుడు ఆగింది. ఆడవాళ్ళు ఇటు తిరిగారు. హాళ్ళలో తాము ఎన్నిసార్లో చూసి ఏడ్చిన ఆ ముఖం ఇక్కడ, ఇంత దగ్గర, నిజంగా ఏడుస్తోంది. ఒకామె పక్కామెను మోచేత్తో పొడిచింది. రాయి పట్టుకున్న ముసలామె కూడా చెయ్యి గాల్లోనే పెట్టుకుని చూస్తోంది. సారక్క చెయ్యి చాపినది చాపినట్టే ఉంది. ఇంకా సగం గాజులున్నాయి, బొట్టు ఉంది.

సారక్క ఏడుపు ఆపి ఆమె వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో.

"నువ్వు ఏడ్వకమ్మా" అంది. "నువ్వు ఏడిస్తె అందరు నిన్నే సూస్తరు. గీ ఒక్క గడియ పోశాన్ని సూడనియ్యి."

మొగుడి పేరు సారక్క నోట రావడం లైన్లలో ఎవరూ అంతకుముందు వినలేదు.

మృణాళిని కొంగు ముఖం మీదికి లాక్కుంది. వెనక్కి వెనక్కి జరిగి, ఒడ్డెక్కి, ఆడవాళ్ళందరి వెనకాల ఇసకలో అటు తిరిగి కూర్చుంది. కాసేపటికి రాయి చప్పుడు మళ్ళీ మొదలైంది. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు.